స్కాట్లండ్: ఓటు ఓడింది, పార్టీ గెలిచింది

స్కాట్లండ్ బ్రిటన్ నుంచి విడిపోయి స్వతంత్ర దేశం కావాలా వద్దా? దానిపై రిఫరెండం, అంటే జనాన్నే నేరుగా అడిగే ఓటు, పెట్టారు. 2014 సెప్టెంబర్ 18న పోలింగ్ ముగిసింది. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర ప్రాంతంలో తొలి ఫలితం వచ్చింది. ఆ చోటి పేరు క్లాక్‌మానన్‌షైర్. నోరు తిరగడం కష్టమే. స్కాట్లండ్‌లోని 32 కౌన్సిళ్లలో, అంటే స్థానిక పాలన ప్రాంతాల్లో, బాగా చిన్నవాటిలో అదొకటి. బ్రిటన్ నుంచి విడిపోదామన్నవాళ్లు గట్టిగా ఆశ పెట్టుకున్న చోట్లలోనూ అదొకటి. అక్కడ ‘వద్దు’ అన్నవాళ్లు 19,036 మంది, ‘కావాలి’ అన్నవాళ్లు 16,350 మంది. ఇంకా 31 కౌన్సిళ్ల లెక్కింపు మిగిలే ఉంది. అయినా టీవీల ముందు కూర్చున్నవాళ్లకు సంగతి అర్థమైపోయింది. ఇక్కడే రాని ఓట్లు ఇంకెక్కడ వస్తాయి?

తెల్లారేసరికి మొత్తం లెక్క తేలింది. స్వతంత్ర దేశం వద్దన్నవి 20,01,926 ఓట్లు, కావాలన్నవి 16,17,989. శాతాల్లో 55.3, 44.7. గ్లాస్గో, డండీ, వెస్ట్ డన్‌బార్టన్‌షైర్, నార్త్ లానార్క్‌షైర్, ఈ నాలుగు చోట్ల మాత్రమే ‘కావాలి’ గెలిచింది. ఉద్యమానికి ముఖం లాంటి అలెక్స్ సాల్మండ్ ఆ సాయంత్రమే ఫస్ట్ మినిస్టర్ (స్కాట్లండ్ ప్రభుత్వాధినేత) పదవికీ, స్కాటిష్ నేషనల్ పార్టీ (ఎస్ఎన్‌పీ) నాయకత్వానికీ రాజీనామా ప్రకటించారు. ఇది తరానికి ఒక్కసారి వచ్చే అవకాశమని ప్రచారంలో చెప్పింది కూడా ఆయనే. మామూలు లెక్కలో కథ అక్కడితో అయిపోవాలి. ఓడిన పార్టీలో తిట్టుకోవడాలు మొదలై, గెలిచిన పక్షం తీరిగ్గా పండగ చేసుకోవాలి.

జరిగింది సరిగ్గా తలకిందులు. పోలింగ్ రోజున ఎస్ఎన్‌పీ సభ్యుల సంఖ్య పాతిక వేల చిల్లర. వారం తిరక్కముందే అది రెట్టింపు దాటింది. 2015 మార్చికల్లా లక్ష. మొత్తం జనాభా యాభై లక్షల పైచిలుకు ఉన్న చోట, అప్పుడే ఓడిన పార్టీలో చేరడానికి జనం అలా ఎగబడ్డారు. సాల్మండ్ స్థానంలోకి వచ్చిన నికోలా స్టర్జన్ నవంబర్‌లో గ్లాస్గో హైడ్రో ఇండోర్ స్టేడియంలో సభ పెడితే 12,000 సీట్లూ నిండాయి. రాజకీయ సభలకు అలవాటుపడ్డ మనకు ఆ సంఖ్య చిన్నదే. జనాన్ని లారీల్లో తోలుకొచ్చే ఆనవాయితీ లేని బ్రిటన్‌లో అది చాలా అరుదు. 2015 మే 7న పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. స్కాట్లండ్‌లోని 59 స్థానాల్లో ఎస్ఎన్‌పీకి 56 వచ్చాయి. అంతకుముందున్నవి ఆరు. ‘వద్దు’ ప్రచారాన్ని ముందుండి నడిపి గెలిపించిన లేబర్ పార్టీ 41 నుంచి ఒక్క స్థానానికి పడిపోయింది.

ఓడినవాళ్లు గెలవడం, గెలిచినవాళ్లు తుడిచిపెట్టుకుపోవడం ఎలా జరిగింది? ఓటమి సానుభూతి అని తేలిగ్గా చెప్పేయొచ్చు. కానీ అదే స్కాట్లండ్‌లో అంతకుముందు జరిగిన ఒక ఓటమి ఆ మాటను నిలబడనివ్వదు.

1979 మార్చి 1న కూడా అక్కడ రిఫరెండం జరిగింది. అప్పుడు అడిగింది స్వాతంత్ర్యం కాదు, రాజధాని ఎడిన్‌బరోలో స్కాట్లండ్‌కు ఒక అసెంబ్లీ. పోలైన ఓట్లలో 51.6 శాతం ‘కావాలి’ అన్నాయి. అయినా ఓడిపోయింది. మొత్తం ఓటర్లలో కనీసం 40 శాతం ఒప్పుకోవాలనే మెలిక చట్టంలో ఉంది, వచ్చింది 32.9 శాతమే. కోపంతో ఎస్ఎన్‌పీ లేబర్ ప్రభుత్వం మీద అవిశ్వాసం పెట్టింది. దాని వెనకే కన్సర్వేటివ్‌లు పెట్టిన తీర్మానంపై మార్చి 28 రాత్రి 311–310తో, ఒక్క ఓటు తేడాతో, ప్రభుత్వం కూలింది. క్రిస్మస్ త్వరగా రావాలని ఓటేసే టర్కీ కోళ్లని ప్రధాని కాలహన్ అప్పుడే ఎగతాళి చేశారు. మన వైపైతే దసరాకు తొందరపడే పొట్టేలు అనేవాళ్లేమో. ఆయన అన్నంత పనీ అయింది. మే ఎన్నికల్లో ఎస్ఎన్‌పీ 11 నుంచి రెండు స్థానాలకు పడిపోయింది, మార్గరెట్ థాచర్ గద్దెనెక్కారు, అసెంబ్లీ మాట 18 ఏళ్లు అటకెక్కింది. మళ్లీ 1997లో ఓటు పెట్టి, 1999లో స్కాటిష్ పార్లమెంటు ఏర్పడేదాకా ఆ పార్టీ బతుకు అంతంతమాత్రమే.

అంటే ఓటమికి సొంత మహిమేమీ లేదు. 2014లో ఓటమి ఎక్కడ పడిందన్నదే తేడా. అప్పటికి ఎస్ఎన్‌పీ ఏడేళ్లుగా ఎడిన్‌బరోలో అధికారంలో ఉంది. 2011లో 129కి 69 స్థానాలతో సొంత మెజారిటీ కూడా తెచ్చుకుంది. సాల్మండ్ దిగిపోయినా ప్రభుత్వం దిగిపోలేదు. ఆఫీసులు, సిబ్బంది, బడ్జెట్, మైకు అన్నీ చేతిలోనే ఉన్నాయి. ఇక జనం సంగతి. ప్రచారం మొదట్లో సర్వేల్లో ‘కావాలి’ పక్షానికి మూడో వంతు మద్దతు ఉండేది. రెండేళ్లు ఊరి హాళ్లలో, పబ్బుల్లో, ఇళ్లలో వాదించుకున్నాక అది 45కి చేరింది. పోలింగ్ 84.6 శాతం. 16, 17 ఏళ్ల పిల్లలకూ ఓటిచ్చారు. అక్కడ నివాస అనుమతితో ఉంటున్న కామన్వెల్త్ దేశాల పౌరులకూ ఓటు ఉంది కాబట్టి, గ్లాస్గోలోనో అబర్డీన్‌లోనో స్థిరపడి భారత పాస్‌పోర్టే ఉంచుకున్న తెలుగువాళ్లు కూడా ఒక దేశం ఉండాలా వద్దా అనే ఓటు వేయగలిగారు. ఇంత నడిచాక ‘కావాలి’ అన్నవాళ్లకు అది ఓడిపోయినట్టు కాదు, ముప్పాతిక దారిలో ఆగినట్టు అనిపించింది.

అసలు కిటుకు లెక్కలో ఉంది. రెండే గడులున్న బ్యాలెట్‌లో 45 శాతం అంటే ఓటమి. నలుగురైదుగురు పోటీపడే ఎన్నికలో అదే 45 శాతం అంటే సునామీ. బ్రిటన్ పార్లమెంటు ఎన్నికలు మన లోక్‌సభ ఎన్నికల్లాంటివే, ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లదే సీటు. ‘కావాలి’ అన్న 45కి ఒకటే పెద్ద పార్టీ. ‘వద్దు’ అన్న 55కి మూడు పార్టీలు: లేబర్, కన్సర్వేటివ్, లిబరల్ డెమొక్రాట్. 2015లో ఎస్ఎన్‌పీకి వచ్చినవి సుమారు 14.5 లక్షల ఓట్లు. రిఫరెండంలో ఓడిపోయిన 16.2 లక్షల కన్నా అది తక్కువ! కానీ పోలింగ్ తగ్గింది, అవతలి ఓటు చీలింది. దాంతో 50 శాతం ఓట్లకు 95 శాతం సీట్లు దక్కాయి. మిగతా సగం మందికి దక్కింది మూడు సీట్లు, పార్టీకొకటి చొప్పున.

అయితే ‘కావాలి’ అన్న ప్రతివాడూ ఎస్ఎన్‌పీ మనిషేం కాదు. వాళ్లలో లేబర్‌కు తరతరాలుగా ఓటేసినవాళ్లు చాలామంది. గ్లాస్గో, డండీ, లానార్క్‌షైర్ అంటే ఓడల యార్డులు, ఉక్కు మిల్లులు, కార్మిక సంఘాలు. లేబర్ గుర్తు మీద గాడిదను నిలబెట్టినా గెలుస్తుందని జోకులేసుకున్న చోట్లు. వాళ్లు రిఫరెండంలో పార్టీ మాట వినలేదు, సరే. ఆ తర్వాత పార్టీనే ఎందుకు వదిలేశారన్నది పెద్ద ప్రశ్న.

ఇక్కడ ‘బెటర్ టుగెదర్’ వేదిక సంగతి చెప్పుకోవాలి. ‘వద్దు’ ప్రచారానికి కన్సర్వేటివ్‌లు, లేబర్, లిబరల్ డెమొక్రాట్లు కలిసి ఒకటే వేదిక కట్టారు. దానికి నాయకుడు లేబర్ మాజీ ఆర్థికమంత్రి అలిస్టర్ డార్లింగ్. లండన్ నుంచి చూస్తే మంచి ఎత్తుగడే. స్కాట్లండ్‌లో టోరీల (కన్సర్వేటివ్‌లకే ఇంకో పేరు) పేరు చెడింది కాబట్టి ముందు నిలబడేది లేబర్ అయితే మంచిదనుకున్నారు. ఆ చెడ్డపేరు ఎంతంటే, 1997 ఎన్నికల్లో కన్సర్వేటివ్‌లకు అక్కడ ఒక్క సీటూ రాలేదు. ఆ తర్వాత మూడు ఎన్నికల్లోనూ వచ్చింది ఒక్కొక్కటే. ఎడిన్‌బరో జూకు చైనా నుంచి రెండు పాండాలు వచ్చాక, స్కాట్లండ్‌లో టోరీ ఎంపీల కన్నా పాండాలే ఎక్కువని జోకు పుట్టింది. నవ్వు వెనక కసి ఉంది. పోల్ టాక్స్ అనే తలసరి పన్నును థాచర్ ప్రభుత్వం ఇంగ్లండ్ కన్నా ఒక ఏడాది ముందే, 1989లో, స్కాట్లండ్ మీద పెట్టింది. రావెన్స్‌క్రెయిగ్ ఉక్కు కర్మాగారం 1992లో మూతపడింది. ఈ జ్ఞాపకాలున్న కుటుంబాలు టీవీ పెట్టేసరికి, తమ లేబర్ నాయకులు టోరీలతో భుజం భుజం కలిపి నవ్వుతున్నారు. రిఫరెండం గెలిచిన రాత్రి వాళ్ల కౌగిలింతల దృశ్యాలు మరీ గుచ్చుకున్నాయి. ‘రెడ్ టోరీలు’ (ఎరుపు లేబర్ రంగు) అనే తిట్టు ఇంటింటి మాట అయిపోయింది.

అక్టోబర్‌లో స్కాటిష్ లేబర్ నాయకురాలు జోహాన్ లామాంట్ రాజీనామా చేశారు. పోతూ పోతూ, లండన్ మమ్మల్ని బ్రాంచ్ ఆఫీసులా చూస్తోందని అనేశారు. ఎస్ఎన్‌పీ ఏళ్ల తరబడి చేస్తున్న విమర్శ అదే. సొంత నాయకురాలే సంతకం పెట్టి ఇచ్చినట్టయింది. ఆమె తర్వాత వచ్చిన జిమ్ మర్ఫీ రిఫరెండం ముందు ఐరన్ బ్రూ కూల్‌డ్రింక్ డబ్బాలెక్కి వీధి వీధినా మాట్లాడి, మీద గుడ్డు పడేదాకా తిరిగిన మనిషి. కష్టపడే రకమే. కానీ ఏ వాదంతో ఊరూరా తిరిగి పేరు తెచ్చుకున్నారో, ఆ వాదమే 45 శాతం మందికి ఆయన్ను శత్రువును చేసింది. 2015లో ఆయన సొంత సీటు కూడా పోయింది.

లేబర్ తప్పులకు ప్రధాని డేవిడ్ కామెరాన్ తన వంతు తొందరపాటు కలిపారు. పోలింగ్‌కు పదకొండు రోజుల ముందు ఒక సర్వేలో ‘కావాలి’ 51 శాతంతో ముందుకు వచ్చింది. లండన్‌లో కంగారు మొదలైంది. పోలింగ్‌కు రెండ్రోజుల ముందు, సెప్టెంబర్ 16న, డైలీ రికార్డ్ పత్రిక మొదటి పేజీ నిండా పాత శాసనంలా కనిపించే ఒక ప్రకటన అచ్చయింది. కింద మూడు సంతకాలు: కామెరాన్, లేబర్ నేత ఎడ్ మిలిబాండ్, లిబరల్ డెమొక్రాట్ నేత నిక్ క్లెగ్. విడిపోకండి, మీ పార్లమెంటుకు మరిన్ని అధికారాలిస్తాం అని ప్రమాణం. దాన్ని ‘ది వౌ’ (ప్రమాణం) అన్నారు. ఫలితం వచ్చిన 19వ తేదీ పొద్దున్నే, జనం ఇంకా కాఫీ తాగకముందే, కామెరాన్ డౌనింగ్ స్ట్రీట్‌లోని ప్రధాని నివాసం బయటికి వచ్చి మాట్లాడారు. స్కాట్లండ్‌కు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటామన్నారు. ఆ వెంటనే, ఇంగ్లండ్ చట్టాలపై ఇంగ్లండ్ ఎంపీలే ఓటేసే ఏర్పాటూ దాంతోపాటే నడవాలన్నారు. వాదనగా అందులో తప్పు లేదు. స్కాట్లండ్‌కు సొంత సభ వచ్చాక అక్కడి ఎంపీలు ఇంగ్లండ్ బడుల మీద ఎందుకు ఓటేయాలని 1977 నుంచీ అడుగుతూనే ఉన్నారు. తప్పు చెప్పిన వేళలో ఉంది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్నట్టు వినబడింది. ఇది చాలదన్నట్టు ఫలితం చెప్పగానే రాణి ఫోన్లో పిల్లిలా గుర్రుమని సంతోషించారని ఆయన న్యూయార్క్‌లో ఎవరితోనో అంటుంటే కెమెరాకు దొరికిపోయి, తర్వాత క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

నిజానికి మాట తప్పలేదు. లార్డ్ స్మిత్ కమిషన్ నవంబర్ 27కే నివేదిక ఇచ్చింది. 2016 స్కాట్లండ్ చట్టంతో ఉద్యోగ ఆదాయం మీద పన్ను రేట్లు, శ్లాబులు నిర్ణయించే అధికారం, కొన్ని సంక్షేమ పథకాలు ఎడిన్‌బరోకు వచ్చాయి. ఇప్పుడు ఒకే జీతానికి మాంచెస్టర్‌లో ఒక పన్ను, ఎడిన్‌బరోలో ఇంకో పన్ను. అక్కడ ఉద్యోగం చేసే మనవాళ్ల పే స్లిప్‌లో టాక్స్ కోడ్ ముందు ‘ఎస్’ అని ఒక అక్షరం కనిపిస్తుంది. స్కాట్లండ్ పన్ను చెల్లింపుదారు అని దానర్థం. ఆ ఒక్క అక్షరం 2014 ఓటమి ఇచ్చిన బహుమతే. కానీ రాజకీయాల్లో ఇచ్చిన తీరు గుర్తుంటుంది, ఇచ్చింది గుర్తుండదు. పైగా ఆ అధికారాలను వాడే కుర్చీలో ఉన్నది ఎస్ఎన్‌పీ. ఇచ్చిన లండన్‌కు తిట్లు, తీసుకున్న ఎడిన్‌బరోకు పేరు.

2015 ఎన్నికల రాత్రి జరిగిందంతా చూడాలంటే పైస్లీ చాలు. గ్లాస్గో పక్కనే పాత మగ్గాల ఊరు. అక్కడి లేబర్ ఎంపీ డగ్లస్ అలెగ్జాండర్ చిన్నాచితకా మనిషి కాదు. మాజీ మంత్రి, ఆ ఎన్నికలో బ్రిటన్ మొత్తానికీ లేబర్ ప్రచార వ్యూహం నడిపిన పెద్ద. ఆయన మీద ఎస్ఎన్‌పీ నిలబెట్టింది మారీ బ్లాక్ అనే ఇరవై ఏళ్ల అమ్మాయిని. గ్లాస్గో యూనివర్సిటీలో చదువు ఇంకా పూర్తి కాలేదు. ఆమె 5,684 ఓట్ల తేడాతో గెలిచింది. తమది లేబర్ కుటుంబమేననీ, తాము లేబర్‌ను వదల్లేదు, లేబరే తమను వదిలేసిందనీ పార్లమెంటులో తొలి ప్రసంగంలో చెప్పింది. ఆ వీడియోను లక్షల మంది చూశారు. ఓడిపోయిన రిఫరెండం తెచ్చిన మార్పును అంత చిన్న వాక్యంలో ఏ విశ్లేషకుడూ చెప్పలేదు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒకటి గుర్తొస్తుంది. అదే 2014లో కాంగ్రెస్ రాష్ట్రాన్ని విభజించి, విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌లో 175 అసెంబ్లీ సీట్లకు సున్నా, 25 లోక్‌సభ సీట్లకు సున్నా తెచ్చుకుంది. విభజనను ఆపిన లేబర్‌కు స్కాట్లండ్‌లో దాదాపు అదే గతి పట్టింది. పోలిక అంతవరకే. తెలంగాణ కోరింది దేశంలోనే ఒక రాష్ట్రం. అది రాజ్యాంగంలోని 3వ అధికరణ కింద పార్లమెంటు చట్టంతో వచ్చింది, జనం ఓటుతో కాదు. కానీ ఉండాలా విడిపోవాలా అనే ప్రశ్న ఒకసారి ఊరి మధ్యకు వచ్చాక, రెండు పడవల మీద కాళ్లు పెట్టిన జాతీయ పార్టీకి ఏం జరుగుతుందో రెండు చోట్లా ఒకే ఏడాది కనిపించింది.

ఈ అల స్కాట్లండ్‌తో ఆగలేదు. 2015 ప్రచారంలో కన్సర్వేటివ్‌లు ఇంగ్లండ్ నిండా ఒక పోస్టర్ అంటించారు. సాల్మండ్ కోటు జేబులోంచి బుల్లి మిలిబాండ్ తొంగిచూస్తుంటాడు. లేబర్ గెలిస్తే స్కాట్లండ్ జాతీయవాదులు ఆడించినట్టు ఆడుతుందనేది భయం. ఆ పోస్టరే గెలిపించిందంటే అతిశయోక్తి. అయినా హంగ్ వస్తుందని సర్వేలన్నీ చెప్పిన ఎన్నికలో కామెరాన్‌కు సొంత మెజారిటీ వచ్చింది. మెజారిటీ వచ్చింది కాబట్టి యూరోపియన్ యూనియన్‌పై రిఫరెండం పెడతానన్న హామీని పక్కన పెట్టడానికి కూటమి భాగస్వామి అనే సాకు లేకుండా పోయింది. ఒక రిఫరెండం గెలిచిన ధైర్యం కూడా ఆయనకు తోడై ఉండాలి. 2016 జూన్ 23న బ్రిటన్ 51.9 శాతంతో బయటికి అంది. అదే బ్రెగ్జిట్. స్కాట్లండ్ 62 శాతంతో ఉందామంది, 32 కౌన్సిళ్లలో ఒక్కటీ తప్పకుండా.

2014లో యూరప్‌లో ఉండాలంటే బ్రిటన్‌లో ఉండటమే దారి అని ‘వద్దు’ పక్షం చెప్పింది. పోలండ్ నుంచో ఇటలీ నుంచో వచ్చి స్థిరపడ్డ యూరప్ పౌరులకు అప్పుడు ఓటు ఉంది, ఆ మాట నమ్మి ‘వద్దు’ అన్నవాళ్లూ ఉన్నారు. రెండేళ్లు తిరక్కుండానే ఆ వాదం కాలిపోయింది. పరిస్థితి మారింది కాబట్టి మళ్లీ ఓటు అనడానికి స్టర్జన్ చేతికి ఇంతకన్నా మంచి కారణం దొరకదు.

కానీ ఆమె దెబ్బతిన్నది కూడా అక్కడే. 2017 మార్చిలో రెండో రిఫరెండం కోరతామని ప్రకటించారు. ఇది సమయం కాదని ప్రధాని థెరిసా మే ఒక్క ముక్కలో కొట్టేశారు. జూన్‌లో హఠాత్తుగా వచ్చిన ఎన్నికల్లో ఎస్ఎన్‌పీ 56 నుంచి 35కు జారింది. సాల్మండ్ కూడా ఓడిపోయారు. ఒకప్పుడు పాండాల కన్నా తక్కువున్న కన్సర్వేటివ్‌లు రూత్ డేవిడ్‌సన్ నాయకత్వంలో 13 సీట్లు తెచ్చుకున్నారు. కారణం మళ్లీ అదే లెక్క. ఇన్నాళ్లూ మూడు ముక్కలైన ‘వద్దు’ ఓటు, రెండో రిఫరెండం వద్దని గట్టిగా అరిచే ఒకే పార్టీ దగ్గర కొంత పోగైంది. రెండో ఇబ్బంది ఇంట్లోనే ఉంది. సర్వేల లెక్కన ఎస్ఎన్‌పీ ఓటర్లలో మూడో వంతుకు దగ్గరగా బ్రెగ్జిట్‌కే ఓటేశారు. లండన్ పెత్తనం వద్దన్నవాళ్లలో కొందరికి బ్రసెల్స్ (యూరోపియన్ యూనియన్) పెత్తనమూ వద్దు. ఈశాన్య తీరంలో చేపల వేట మీద బతికే ఊళ్లలో అది స్పష్టంగా కనిపించింది. స్వాతంత్ర్యం, యూరప్ ఒకే మూటలో కట్టగానే వాళ్లు జారిపోయారు.

ఇక తాళం సంగతి. 2014 ఓటు చెల్లుబాటైంది 2012 అక్టోబర్ 15న కామెరాన్, సాల్మండ్ చేసుకున్న ఎడిన్‌బరో ఒప్పందం వల్ల. స్కాట్లండ్ చట్టంలోని 30వ సెక్షన్ కింద ఆ ఒక్కసారికి లండన్ అధికారం బదలాయించింది. ఓడిపోతారనే ధీమాతో ఇచ్చిన అనుమతి అది. 45 చూశాక ఏ ప్రధాని మళ్లీ ఇస్తాడు? 2020 జనవరిలో బోరిస్ జాన్సన్ కాదన్నారు. ఆ ఏడాదే కోవిడ్ కాలంలో ‘కావాలి’ మద్దతు ఒక సర్వేలో 58 శాతం దాకా పోయింది. వేడి ఉన్నప్పుడు సుత్తి చేతిలో లేదు. కెనడాలో క్విబెక్ 1980లో ఓడి, 1995లో తనంతట తానే మళ్లీ ఓటు పెట్టుకుని ఒక్క శాతం చిల్లర తేడాతో ఓడింది. స్కాట్లండ్‌కు ఆ వీలు లేదు. ఆ సంగతి 2022 నవంబర్ 23న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీలూ ఏకగ్రీవంగా తేల్చేశారు. స్కాటిష్ పార్లమెంటు సొంతంగా రిఫరెండం చట్టం చేయలేదు. స్టర్జన్ అనుకున్న తేదీ 2023 అక్టోబర్ 19 కాగితాల మీదే ఉండిపోయింది. అయితే వచ్చే పార్లమెంటు ఎన్నికలనే రిఫరెండంగా భావిస్తామని ఆమె అన్నారు. ఆ మాట ఎవరి మెడకు చుట్టుకుందో తర్వాత తేలింది.

అన్నేళ్లూ జెండా మీద ఓట్లు పడుతూ ఉంటే పరిపాలన లెక్క ఎవరూ గట్టిగా అడగలేదు. బ్యాలెట్ పేపర్ మీద ఏ ఎన్నికైనా మనసులో ప్రశ్న ఒకటే: కావాలా, వద్దా? గ్లాస్గో దగ్గర యార్డులో రెండు ఫెర్రీలకు 2015లో ఆర్డరిచ్చారు. అందులో మొదటిది గ్లెన్ శానక్స్. 2017 నవంబర్‌లో స్టర్జన్ ఆ ఓడను నీళ్లలోకి దింపినప్పుడు కిటికీలుండాల్సిన చోట కిటికీల బొమ్మలు రంగుతో వేసి ఉన్నాయి. అది ప్రయాణికులను ఎక్కించుకున్నది 2025 జనవరిలో. ఖర్చు మొదట అనుకున్నదానికి ఎన్నో రెట్లు పెరిగింది. దీవుల్లో ఉండేవాళ్లు పడవ కోసం ఎదురుచూస్తూ ఆ బొమ్మ కిటికీలను మర్చిపోలేదు. డ్రగ్స్ చావులు యూరప్‌లోనే ఎక్కువ అనే చెడ్డపేరు కూడా ఉంది.

పైగా ఇంటి గొడవ. సాల్మండ్ మీద వచ్చిన ఆరోపణల కేసు, 2020 మార్చిలో ఆయన నిర్దోషిగా బయటపడటం, ఆ తర్వాత గురుశిష్యులైన ఆయనా స్టర్జనూ బద్ధశత్రువులు కావడం, ఆయన ‘ఆల్బా’ పేరుతో వేరే పార్టీ పెట్టడం వరసగా జరిగాయి. ఆల్బాకు 2021లో ఒక్క సీటూ రాలేదు. 2023 ఫిబ్రవరిలో స్టర్జన్ హఠాత్తుగా తప్పుకుంటున్నానన్నారు. వారసుడి ఎన్నికలో ఓటర్ల సంఖ్య బయటపెట్టాల్సి వచ్చేసరికి సభ్యులు 72,186 మందేనని తేలింది. ఆ సంఖ్యపై పత్రికలకు తప్పు చెప్పినందుకు పార్టీ చీఫ్ ఎగ్జిక్యూటివ్ దిగిపోవాల్సి వచ్చింది. ఓటమి మర్నాడు మొదలైన చేరికలే ఈ కథకు తొలి ఆశ్చర్యం కదా, ఇప్పుడు వెలుతురు పోవడమూ సభ్యుల రిజిస్టర్‌లోనే ముందు కనిపించింది. స్టర్జన్ స్థానంలోకి వచ్చిన హంజా యూసఫ్ ఏడాదికి అటూ ఇటుగా ఉండి, గ్రీన్ పార్టీతో పొత్తు తెంచుకోగానే పదవి పోగొట్టుకున్నారు. 2024 మేలో జాన్ స్విన్నీ వచ్చారు.

2024 జూలై 4 ఎన్నికల్లో స్కాట్లండ్ సీట్లు 57. ఎస్ఎన్‌పీకి 30 శాతం ఓట్లు, తొమ్మిది సీట్లు. లేబర్‌కు 35 శాతం ఓట్లు, 37 సీట్లు. 2015లో ఏ ఎన్నికల పద్ధతి ఎస్ఎన్‌పీని ఆకాశానికి ఎత్తిందో అదే కింద పడేసింది. ఎన్నికనే రిఫరెండం అనుకుందామన్న మాట ఆ తర్వాత పెద్దగా వినబడలేదు. విశేషం ఏమిటంటే, స్వాతంత్ర్యానికి మద్దతు మాత్రం సర్వేల్లో పడిపోలేదు. అప్పటి 45కు దగ్గర్లోనే, కొన్నిసార్లు సగానికి దగ్గరగా ఉంటూనే ఉంది. పడిపోయింది పార్టీ. స్వతంత్ర దేశం కావాలనుకుంటూనే, ముందు లండన్‌లో టోరీలను దింపుదామని లేబర్‌కు ఓటేసినవాళ్లు, ఎవరికీ వేయకుండా ఇంట్లో కూర్చున్నవాళ్లు ఈసారి లెక్క మార్చారు. పదేళ్లపాటు అతుక్కుని ఉన్న ‘కావాలి’ ఓటు, ఎస్ఎన్‌పీ ఓటు విడివడ్డాయి. లేబర్‌కు తిరిగొచ్చినవాళ్లను స్వాతంత్ర్య వాదం వదిలేసినవాళ్లుగా లెక్కేసుకుంటే ఆ పార్టీ 2014 నాటి పొరపాటునే మళ్లీ చేసినట్టు.

సాల్మండ్ 2024 అక్టోబర్‌లో నార్త్ మాసిడోనియాలో ఒక సదస్సుకు వెళ్లి అక్కడే కన్నుమూశారు. 2015లో లేబర్‌కు మిగిలిన ఆ ఒక్క ఎంపీ ఇయన్ మర్రే 2024లో స్కాట్లండ్ వ్యవహారాల మంత్రి అయ్యారు. 2025 సెప్టెంబర్‌లో మంత్రివర్గ మార్పుల్లో ఆయన్ను ఆ కుర్చీ నుంచి తప్పించి మరొకరిని కూర్చోబెట్టారు. ఆ కొత్త మంత్రి, పైస్లీలో ఇరవై ఏళ్ల అమ్మాయి చేతిలో ఓడిపోయిన డగ్లస్ అలెగ్జాండర్. లోథియన్ ఈస్ట్ అనే వేరే స్థానం నుంచి తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ గెలిచి వచ్చారు. మారీ బ్లాక్ 2024లో పోటీ చేయలేదు, ఆ మరుసటి ఏడాది ఎస్ఎన్‌పీని కూడా వదిలేసింది. స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాలనే మాటను మాత్రం వదల్లేదు.